వియ్యంకుడి ఫైబ్రోనెక్టిన్

రాఘవేంద్రన్ మామ ఏ మాట మొదలుపెట్టినా ఫైబ్రోనెక్టిన్ దగ్గరే తేలేవాడు. వాన పడిందా మామా అని అడిగితే, "వాన కతకేమి, మన్నుకు మన్ను అంటుకునేది ఎట్లనో తెలుసునా?" అని గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపుకు విరుదునగర్‌లో ఒక టీకొట్టు మొత్తం ఖాళీ కావడం నేను కళ్లారా చూశాను. టీ మాస్టర్‌తో సహా.

ఆయన అక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఫైబ్రోనెక్టిన్ అంటే మన నెత్తుట్లోనూ కండలోనూ ఉండే ఒక ప్రోటీన్. కణాలు దాన్ని పట్టుకుని నిలబడతాయి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అది ముక్కలైతే ఏమవుతుందన్నదే మామ జీవితాశయం. "నిండుగా ఉంటే ఒక గుణం, ముక్కలైతే ఇంకో గుణం! ఒక ముక్క పట్టు విడిపిస్తాది, ఒకటి కణాన్ని నడిపిస్తాది, ఒకటి పెరగమంటాది, ఒకటి వద్దంటాది!" ఒక పెళ్లిపందిట్లో ఈ మాటలు దూరం నుంచి విన్న మా బంధువులు, ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారోనని ఆరా తీశారు.

1997లో మా పెద్దమ్మ పెరియనాయగికి అరికాల్లో పుండు లేచింది. కోవిల్‌పట్టిలో ఆమెది కడలమిఠాయి, అంటే పల్లీపట్టీ, వ్యాపారం. పగలంతా కొట్లో కూర్చునే ఉంటుంది. సాయంత్రం ఇంటి వెనక పొయ్యి మీద బెల్లం పాకం, మా మాటలో పాగు, పట్టి వేయించిన పల్లీలు కలుపుతుంది. చక్కెర జబ్బు మనిషి. పుండు ఎంతకీ మానలేదు. కాలు కింద మోపితే పాదమే తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

"సరి," అంది పెద్దమ్మ. ఇంటికొచ్చి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా! డాక్టరు ఏమి సెప్పినాడు?"

"సెప్పినాడులే. పాగు ముదిరిపోతే ఆయన వచ్చి కలుపుతాడా?"

పనికి ఇద్దరు ఆడవాళ్లున్నారు. దేవుడి మీద ఉన్నంత నమ్మకం కూడా ఆమెకు వాళ్ల మీద లేదు. దేవుడి మీద కూడా పాకం విషయంలో లేదు.

సరిగ్గా ఆ వారమే మామ దిగబడ్డాడు. పెద్దమ్మ కూతురు కలైసెల్విని ఆయన కొడుక్కే ఇచ్చారు, అంటే సాక్షాత్తూ వియ్యంకుడు. కాలేజీ వదలగానే మొఫస్సిల్ బస్సెక్కి రోజూ రావడం మొదలుపెట్టాడు. విరుదునగర్‌లో వినేవాళ్లు అయిపోయారు కాబట్టి సరుకు ఎగుమతి చేస్తున్నాడని నేను తేల్చాను.

మా ఇళ్లలో ఒక దివ్యమైన మర్యాద ఉంది. వియ్యంకుడు కూర్చుని మాట్లాడుతుంటే వియ్యపురాలు లేచి పనిలోకి పోకూడదు. పోతే, ఇక బయల్దేరు అన్నట్టే. ఈ మర్యాదను కనిపెట్టిన మహానుభావుడికి ఇలాంటి వియ్యంకుడు ఉండి ఉండడు.

"చెల్లెలా, కాలు ఈ పీట మీద పెట్టు. నాకు బోర్డు కావాల," అనేవాడు మామ. పెద్దమ్మ పాదమే బోర్డు, మిఠాయి ముక్కే సుద్దముక్క. "ఇదో, పల్లీ అంటే కణం. పాగు అంటే ఫైబ్రోనెక్టిన్. నీ పుండులో ఏమి జరగతాది? ఎంజైములు చేరి పాగును పొడి చేస్తాయి. కొత్త కణం వచ్చి నిలిచేదానికి చోటు లేదు. ఆ పొడి ముక్కలే ఇంకా కొట్టు, ఇంకా కొట్టు అని ఎగదోస్తాయి!"

"అయ్యో పాపం. అన్నా, ఒక నిమిసం, పాగు వాసన వస్తాంది..."

"ఆ ముక్కలు మూడు రకాలు!"

ఆమె మళ్లీ కూలబడేది. పాకం రెండు వాయిలు పట్టే రోజు ముక్కలు ఐదు రకాలయ్యేవి. పండగ సరుకు రోజుల్లో ఏడు. ఆ సీజన్లో పనివాళ్ల చేతి మిఠాయి కొరికి ఊళ్లో కొందరు పళ్ల డాక్టరును పోషించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక సాయంత్రం ఆయన్ని బస్టాండు దాకా సాగనంపుతూ అడిగేశాను. మనిషి నిలబడే తూలుతున్నాడు, గొంతు బొంగురుపోయింది.

"మామా, పెద్దమ్మను వదిలేయండి. ఆ పాటం కావాలంటే నాకు సెప్పండి."

మామ వింతగా చూశాడు. "నీకేమిటికిరా? నీ కాలికేమాయె?"

బస్సెక్కి, కూర్చుని, అప్పటికప్పుడే నిద్రపోయాడు. పాకాన్ని బట్టి ముక్కలు ఎందుకు పెరిగేవో, ఎం.ఏ. చదివిన నా బుర్రకు బస్సు మలుపు తిరిగాక వెలిగింది.

పుండు మానింది. పాదం మిగిలింది. పెద్దమ్మ తిరిగి గరిటె పట్టింది. మామ రావడం మానేశాడు. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది, పెద్దమ్మ తప్ప.

"ఏమిరా, మీ మామ రానే లేదే? ఏడో ముక్క ఏమి సేస్తాదో సెప్పకనే పోయినాడు. పొయ్యి ఆర్పేసి కూసుంటాను, రమ్మను."

విరుదునగర్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"ఏడోదా?" అన్నాడు మామ, గొంతు సవరించుకుని. "సరి, వస్తానని సెప్పు. బస్సులో యోచన చేస్తాను."