మూడు మాత్రలు, ఒక ఆవు

మాత్రల సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చౌడేపల్లె దగ్గర ఉండే మా పెద్దమ్మకు వయసులో ఉన్నప్పటి నుంచీ స్కిజోఫ్రీనియా. పక్కన ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపిస్తాయి. డెబ్బై దాటినా ఆమె పట్టుదల ఒక్కటే: తన ఆవు పాలు తానే పిండాలి. పొదుగు మీద ఇంకొకరి చెయ్యి పడితే ఆ పూట అన్నం ముట్టదు.

మదనపల్లె డాక్టరు ఇచ్చిన పాత మాత్రతో చెవిలో మాటలు ఆగాయి, చేతులు వణకడం మొదలైంది. ఆవు తన్నింది, చెంబు ఎగిరిపడింది. కుప్పంలో ఉండే పిన్ని "ఈడ సూపిద్దాం రాండి, కొత్త మాత్రలిస్తారు" అంది. వెళ్లాం. వణుకు తగ్గింది. కానీ తెల్లారి ఆవు అరుస్తుంటే పెద్దమ్మ మొద్దునిద్ర! పైగా షుగర్ పెరిగింది. ఇక బంధువుల పంచాయితీ. పాతదే మేలని ఒకరు, కాదు కొత్తదని ఇంకొకరు. మింగేది వాళ్లా? నా ఖర్మ కాకపోతే!

కుప్పం డాక్టరు మూడో మాత్ర రాశారు. పెద్దమ్మ నోరు తెరవనంది. మా మేనమామ, పశువులకు మందు పెట్టినట్టే, మాత్రను రాగిముద్దలో దాచాడు. ముద్దను ఎలాగూ నమలరు కదా అని ఆయన తెలివి. అబ్బ, ఏం మాత్ర! వణుకు లేదు, మత్తు లేదు. పుంగనూరు చుట్టాలకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఒకరోజు కొట్టంలోకి వెళ్లి చూద్దును కదా, పెద్దమ్మ ఆ ముద్దను ఆవు నోటికి అందిస్తోంది. ఇన్నాళ్లూ ఆ పాలతోనే ఇంటిల్లిపాదీ కాఫీ తాగాం!

"ఏం పని పెద్దమ్మా ఇది?" అని అరిచాను.

"అరవద్దు పాపా, ఆవు బెదురుతాది. మాటలు వినిపిస్తాండాయా అని అందురూ అడిగినారు. పాలు పిండేదానికి అవుతాండాదా అని ఒకరన్నా అడిగినారా?"

కోపం, ఏడుపు రెండూ వచ్చాయి నాకు. మర్నాడే కుప్పం వెళ్లి డాక్టరుకు అంతా చెప్పేశాం, ఆవు సంగతితో సహా. ఆయన ఆ మూడో మాత్రనే మోతాదు బాగా తగ్గించి, రాత్రి భోంచేశాక వేసుకోమన్నారు. ఇప్పుడు పెద్దమ్మ తన చేత్తోనే వేసుకుంటోంది.

మొన్న పొదుగు దగ్గర కూర్చుని ఏదో గొణుగుతుంటే దగ్గరికి వెళ్లాను.

"మళ్లా వినిపిస్తాండాయా?" అన్నాను.

"యాడికి పోతాయి పాపా, రవ్వంత వినిపిస్తాండాయి," అంది, పిండే చెయ్యి ఆపకుండానే. "పాలు పిండేదాంకా నోరు మూసుకోండి అని చెప్తాండా."