ట్యాంకరును ఓడించిన కంబళి

రాయచెర్లులో కెంచమ్మ గొంతెత్తితే పావగడ కొండమీది కోతులు ఉలిక్కిపడి ఇటు తిరుగుతాయి. మధ్యలో ఎంత దూరముందని అడక్కండి, ఆ గొంతుకు దూరాలు పట్టవు. చదువు సంగతి ఎత్తితే మూడో తరగతిలో తాను బడి మానలేదనీ, తనకు చెప్పడానికి మేష్ట్రు దగ్గర ఇంకేమీ మిగల్లేదనీ అంటుంది. యాభై నాలుగేళ్ల మనిషి. ఆమెకు నలభై ఎనిమిది గొర్రెలు, ఓబళప్ప అనే ఒక మొగుడు. ఈ వరస కూడా ఆమె చెప్పేదే, ముందు గొర్రెలు, తర్వాత మొగుడు.

ఆమె మామ కాలంలో మూడు వందల తల మంద. మంద ఊళ్లోంచి బయటికి పోయేసరికి పొద్దు గూకేదంటుంది. సోలారు పార్కు వచ్చాక చేను లీజుకు పోయింది, మేత బీళ్లు నల్లటి అద్దాల కిందికి పోయాయి. మంద తగ్గిపోగా మిగిలినవే ఈ నలభై ఎనిమిది. కెంచమ్మ ఆ పార్కులోనే పనికి కుదిరింది. సోలారు పలకల మీద దుమ్ము కడిగే పని. ట్యాంకరు వరస వెంబడి నడుస్తుంటే పైపుతో నీళ్లు కొట్టి, పొడుగాటి బ్రష్షుతో తోమాలి. పలకకు రెండు లీటర్లు. జట్టులో పన్నెండు మంది ఆడవాళ్లు. మీలో పెద్ద ఎవరమ్మా అని అడిగితే పదకొండు వేళ్లు ఒకరివైపే చూపిస్తాయి. పన్నెండో వేలు కెంచమ్మది. అదీ ఆమెవైపే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పార్కు ట్యాంకర్లు నింపుకునేదీ ఊరి పశువుల తొట్టికి నీళ్లు పోసేదీ ఒకే బోరు. కార్తీకం వచ్చేసరికి తొట్టిలో నీళ్లు జానెడు లోతుకు దిగాయి. సరిగ్గా అప్పుడే సైటు ఇంజనీరు గోపాలకృష్ణ జట్టును పిలిచి, దుమ్ము మరీ ఎక్కువైందనీ, వచ్చే నెల నుంచి పలకల్ని నెలకు రెండుసార్లు కాదు, మూడుసార్లు కడగాలనీ చెప్పాడు. అంటే బోరుమీద ట్యాంకర్ల భారం ఇంకా పెరుగుతుంది. ఓబళప్ప ఆ కబురు విన్న సాయంత్రమే పావగడకు పోయి, గొర్రెల బేరగాడు ఆదినారాయణప్పకు మాటిచ్చి వచ్చాడు. పదిహేను రోజులకు బండి వస్తుంది. మంద మొత్తం ఎక్కించేయాలి.

"నీళ్లు లేని గొర్రెల్ని యాడ దాసిపెట్టుకుంటావే?" అన్నాడు.

"పదైదు దినాలుండాయి కదా. అంతలోపల ఆ ట్యాంకర్లను ఎనక్కి తిప్పకపోతే నన్ను కూడా బండెక్కించు."

"నిన్ను ఆ ఆదినారాయణప్ప దించేసి పోతాడు లేవే."

ట్యాంకర్లను ఎలా తిప్పాలో కెంచమ్మకు తెలియదు. తెలియకపోవడం ఆమె నోటికి ఎన్నడూ అడ్డం రాలేదు.

మర్నాడు ఆదివారం. చేతిలో ట్యాబ్ పట్టుకుని ప్రతిభ అనే అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. పావగడ పిల్ల, బెంగళూరులో చదువు. దేశం పర్యావరణ పాదముద్ర కొలవడానికి తన కాలేజీ వాళ్లు చేసే సర్వే కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది.

"అంత పెద్ద పేరేంది పాపా? మా ఇంట్లో పడతాదా?" అంది కెంచమ్మ.

"మనం తినేదానికీ, కాల్చేదానికీ, వాడి పారబోసేదానికీ ఎంత నేల కావల్ల, ఎన్ని నీళ్లు కావల్ల అని ఇంటింటికీ లెక్కేస్తారత్తా. అన్నీ కూడితే దేశం లెక్క వస్తుంది. మన నేల మళ్లీ పుట్టించేదానికన్నా మనం ఎక్కువ వాడేస్తాండాం. యాడ తగ్గించొచ్చో తెలియల్లంటే ముందు కొలవల్ల కదా?"

"అయితే రాసుకో. నిజాలే చెప్తా."

"ఇంట్లో ఏసీ ఉండాదా?"

"ఉండాది. ఆ యాపచెట్టు. రిమోటు లేదు, అంతే."

"విమానం ఎక్కినారా?"

"రెండు తూర్లు."

ట్యాబ్ మీద ప్రతిభ వేలు ఆగిపోయింది. "ఎప్పుడత్తా?"

"ఒకతూరి మా పొట్టేలు కుమ్మితే. ఇంకోతూరి ఈయప్ప బైకు నడిపితే."

"రెండోతూరి ఎగిరింది ఇంకా దిగలేదు పాపా," అన్నాడు ఓబళప్ప బీడీ వెతుక్కుంటూ. "ఆ మాటలు చూడు, గాల్లోనే ఉండాది."

నవ్వాపుకుని ప్రతిభ లెక్క తేల్చింది. మనుషులంతా ఈ ఇంటివాళ్లలా బతికితే అర భూమి చాలట. కెంచమ్మ ఆ మాటను వెంటనే గడప దాటించింది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో అందరికీ తెలిసిపోయింది, కెంచమ్మ అర భూమిని మిగిల్చి గవర్మెంటుకు తిరిగి ఇచ్చేసిందని.

కానీ ఆఖరి ప్రశ్న ఇంకా ఉంది. చేసే పనేమిటని ప్రతిభ అడిగింది. కెంచమ్మ చెప్పింది. ప్రతిభ ట్యాబ్‌లో గుణించింది.

"రోజుకు మూడు వేల పలకలు కడిగితే ఆరు వేల లీటర్లు. ఒక గొర్రె రోజుకెన్ని తాగతాదత్తా?"

"నాలుగు లీటర్లేసుకో."

"అంటే మీ మంద నెల దినాలు తాగే నీళ్లు మీ జట్టు ఒక్క దినంలో పోసేస్తాండాది. సోలారు కరెంటు మంచిదే, అంత బొగ్గు కాల్చే పని తప్పతాది, దేశం లెక్క తగ్గతాది. కానీ ఈ నీళ్లూ, ట్యాంకరు తాగే డీజిలూ కలిసి మళ్లీ ఆ లెక్కను కొంచెం పైకి ఎక్కిస్తాండాయి."

కెంచమ్మ మాట్లాడలేదు. ఓబళప్ప లేచి వచ్చి నుదుటిమీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూశాడు. తొట్టిలో నీళ్లు ఎవరో ఎత్తుకుపోతున్నారని ఇన్నాళ్లూ ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. ఎత్తుకుపోయిన చెయ్యి తనదే. ఆ చెయ్యిని తిప్పి తిప్పి చూసుకుంది.

మరుసటి రోజు తెల్లవారుజామున ఎప్పటిలాగే దొడ్డి దగ్గర కూర్చుంది. మంచు ఆరందే గొర్రెల్ని వదలకూడదు. తడిగడ్డి తింటే కడుపు ఉబ్బుతుంది. నలభై ఏళ్లుగా ఆమె మంచు ఆరేదాకా కాచుకుని కూర్చుంటూనే ఉంది. ఆ రోజు కంచె అవతల పలకలవైపు చూసింది. అద్దాలన్నీ చెమట పట్టినట్టు తడిసి ఉన్నాయి. కింది అంచు నుంచి చుక్కలు రాలుతున్నాయి. చుక్క జారినచోటల్లా దుమ్ములో నల్లగా, శుభ్రంగా ఒక చార.

"ఈ దేవుడెవరప్పా, డీజిలు లేకుండా నీళ్లు తోలతాండాడు!" అని అరిచింది. దొడ్లో గొర్రెపిల్లలు బెదిరి మే మే అన్నాయి.

గోపాలకృష్ణ ఆఫీసు తలుపు తీసేసరికి ఆమె మెట్లమీదే ఉంది.

"సార్, బోరునీళ్లు ఒక్క చుక్క లేకుండా పలకలు తుడిచి చూపిస్తా. ఒక వరస ఇయ్యి."

"ఏంది కెంచమ్మక్కా, ఉమ్మితో తుడుస్తావా?"

"ఉమ్ము నీకు దాసి పెట్టినాలే సార్. మంచుతో తుడుస్తా. పలకకు టీ గ్లాసుడు మంచుండాది. తెల్లవారుజామున పొద్దు రాకముందు కంబళితో లాగేస్తే సరి."

గోపాలకృష్ణ మంచివాడు, అనుమానం మనిషి. కంబళి గరుకు కదా, అద్దం గీసుకుపోతే ఎవరు జవాబు చెప్తారన్నాడు. చివరికి, పగిలి పక్కన పడేసిన పలకమీద ముందు లాగించాడు. టార్చి వేసి వంగి చూశాడు. గీత పడలేదు. సరే, ఒక వరస ఆమెకు, పక్క వరస ట్యాంకరుకు. ఏ వరసలో ఎంత కరెంటు పుట్టిందో అతని ఫోన్‌లో విడివిడిగా కనిపిస్తుంది.

పందెమంటే కెంచమ్మ పాత గుడ్డతో పోయే రకమా? పెట్టె అడుగున ఉన్న కొత్త కంబళి తీసింది. పోయిన దసరాకు నేయించింది, ఇంకా మడత విప్పలేదు. దాని చివరలకు గొర్రెలకు చెట్టుమీది ఆకు దించే పొడుగాటి దోటి ఒకటి, తాడు ఒకటి కట్టింది. వరస వెనక, పలకలు ఎత్తుగా ఉండేవైపు జట్టులోని సౌభాగ్య దోటి పట్టుకుంది. ముందు, కింది అంచున కెంచమ్మ తాడు పట్టుకుంది. ఇద్దరూ ఒకే నడకలో కంబళిని వరస పొడుగునా ఈడ్చారు. తెల్లవారేసరికి వరస తళతళలాడింది. అందులో మొహం చూసుకుని కెంచమ్మ బొట్టు కూడా సర్దుకుంది.

పది గంటలకు ఆ వరస బూడిద పూసుకుంది. గాలికి లేచిన దుమ్మంతా వచ్చి అంటుకుంది, ఊదితే పోదు, గీరితే పోదు. గోపాలకృష్ణ ఫోన్ తిప్పి చూపించాడు. అసలు తుడవని వరసలకన్నా కెంచమ్మ వరసలోనే కరెంటు తక్కువ.

ఓబళప్పకు కబురు చేరకుండా ఉంటుందా? కంచె దగ్గరికి వచ్చి, వేలితో అద్దం రుద్ది, ఆ వేలు నాలుకమీద పెట్టుకున్నాడు.

"చింతగింజల గంజి," అన్నాడు. "కొత్త కంబళికి గంజి పెట్టింటారు కదా మన మగ్గమోళ్లు. అది బాగా ఉతకందే పోతాదా? మంచుకు కరిగి అద్దాలకంతా పట్టింది. పలకలకు గంజి పెట్టినావు, ఇంక ఇస్త్రీ ఒక్కటే బాకీ."

జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కెంచమ్మ నవ్వలేదు. గంజి వదలడానికి పలకకు రెండు లీటర్లు చాలలేదు, నాలుగేసి పోయాల్సి వచ్చింది. ఆ నీళ్లన్నీ తానే పోసింది. ఒక్కో పలక దగ్గర ఒక్కో గొర్రె పేరు గుర్తొచ్చింది.

ఇంకో అవకాశం ఇవ్వడానికి గోపాలకృష్ణ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు, ఆమె గొంతు భరించడంకన్నా వరస ఇవ్వడమే సుఖమనుకున్నాడు. ఒక్క వారం, అంతే.

ఆ సాయంత్రం కెంచమ్మ మొగుడి భుజంమీది కంబళికేసి చూసింది. పాతికేళ్లుగా వానలో తడిసి, ఎండలో ఆరి, గంజి అనేదే ఎరగకుండా దూడచెవిలా మెత్తబడిన కంబళి.

"అట్ల సూడొద్దే," అన్నాడు ఓబళప్ప, రెండు చేతులతో దాన్ని దగ్గరికి లాక్కుని. "చలికి నేనేం కప్పుకోవల్ల?"

"కొత్తది కప్పుకో. గంజంతా నేను తీసేసినా కదా."

ఓబళప్ప దొడ్డివైపు చూశాడు. బేరగాడికి మాటిచ్చింది తానే. ఆ మాట ఇచ్చినప్పటి నుంచి అన్నం సరిగా దిగడంలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కంబళి తీసి మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. "చించినావంటే నీ చర్మం కప్పుకుంటా," అన్నాడు.

వారం రోజులు, పొద్దు రాకముందే, కెంచమ్మా సౌభాగ్యా ఆ కంబళి ఈడ్చారు. వరస చివర పిండితే ఎర్రమట్టి నీళ్లు కారేవి. కెంచమ్మ చెప్పే కథలో అయితే ఆ పిండిన మట్టితో ఒక ఇల్లు కట్టొచ్చు. మొదటి రోజు ట్యాంకరు వరసే ముందుంది. మూడో రోజుకు రెండూ సమానం. ట్యాంకరు పదిహేను రోజులకోసారి కడుగుతుంది, మంచు రోజూ పడుతుంది. దుమ్ము గట్టిపడేందుకు సందే దొరకలేదు. ఐదో రోజు నుంచి కంబళి వరస ముందుకు పోయింది, మళ్లీ వెనక్కి చూడలేదు.

ఎనిమిదో రోజు పొద్దున గోపాలకృష్ణ జట్టునంతా పిలిచాడు. ప్రతిభ కూడా వచ్చింది. ఎవరూ అడక్కముందే అతను ఫోన్ పైకెత్తి చూపించాడు.

"కెంచమ్మక్క గెలిచింది. పైవాళ్లతో మాట్లాడినా. మంచు పడే నెలలన్నీ ట్యాంకర్లు బంద్. ఎండాకాలం మాత్రం నీళ్లు తప్పవు, అప్పుడు కూడా నెలకు రెండు తూర్లకు మించి కడగం."

ఆడవాళ్ల ఈలలకు కంచెమీది కాకులు లేచిపోయాయి. అవి మూడు రోజులదాకా తిరిగి రాలేదంటుంది కెంచమ్మ.

"పాపా, దేశం లెక్క ఎంత తగ్గింది చెప్పు," అంది ప్రతిభతో.

ప్రతిభ ట్యాబ్‌లో లెక్కేసి కొంచెం మొహమాటపడింది. "తగ్గింది అత్తా. కానీ... దేశం చాలా పెద్దది కదా. సున్నా పక్కన చుక్క పెట్టి, ఎనిమిది సున్నాలు రాసి, ఆ తర్వాత ఒకటి."

"సున్నాలు దేశానివి," అంది కెంచమ్మ. "ఆ ఒకటి నాది. రాసుకో."

ఇంకా మాట్లాడేదే. కానీ ఊరివైపు నుంచి బండి హారను వినిపించింది. లెక్క ప్రకారం ఆ రోజు పదిహేనో రోజు. కెంచమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి పరుగెత్తింది. గాలి తనకన్నా వెనకబడిందట. వెళ్లేసరికి దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఒక్క గొర్రె లేదు. ఆదినారాయణప్ప ఖాళీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏంప్పా ఓబళప్పా, మాటిచ్చినావు. గొర్రెలు యాడ?"

కొత్త కంబళి భుజాన వేసుకుని ఓబళప్ప అరుగుమీద తీరిగ్గా కూర్చున్నాడు. "పక్కింటి పిల్లోని ఎంట మేతకు తోలేసినా. నలభై ఎనిమిదీ," అన్నాడు. "మంచు కూడా ఆరింది కదా. నీకు మాటిచ్చింది నీళ్లు లేనప్పుడు. పార్కులో ఈలలు ఈడికే ఇనబడినాయి, ఇప్పుడుండాయి. నువ్వు రా, కూర్చో, మజ్జిగ తాగి పో."