రెండు పొరల జీన్స్ కవరు

2022 ఎండాకాలం. రాయదుర్గం బస్టాండు వెనక వీధిలో నా రిపేరు షాపు. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోళ్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాను. ఈ ఊళ్లో ఏ వీధికి పోయినా జీన్స్ కుట్టే యూనిట్ ఒకటి ఉంటుంది. గుడ్డ కత్తిరించేటప్పుడు లేచే నీలం నూగు ఇళ్లలోకి, అక్కడి నుంచి కన్సోళ్లలోకి పోతుంది. నా బల్ల మీదికి వచ్చే కన్సోళ్లను ఎక్కువగా పాడుచేసేది ఆ నూగే.

ఆ ఎండాకాలంలోనే ఒక జీన్స్ యూనిట్ యజమాని తిప్పేస్వామి తన కూతురి కన్సోల్ తెచ్చాడు. ఆట మొదలుపెట్టిన అరగంటకే ఆగిపోతోందన్నాడు. విప్పి చూస్తే హీట్ సింక్ మూసుకుపోయి ఉంది. హీట్ సింక్ అంటే చిప్పులో పుట్టే వేడిని లాగి ఫ్యాన్ గాలికి అందించే సన్నటి రేకుల దిమ్మ. రేకుల సందులు మూసుకుపోతే వేడి బయటికి పోదు. చిప్పు కాలిపోకుండా కన్సోల్ తనంతట తానే ఆగిపోతుంది. రేకులను బ్రష్‌తో శుభ్రం చేశాను. చిప్పు మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్, అంటే వేడిని రేకులకు దాటించే లేపనం, గీకేసి కొత్తది పూశాను. ఒక్క భాగం కూడా మార్చలేదు. మూసేముందు, ఎప్పటిలాగే, ఫ్యాన్ మీద, బోర్డు మీద, స్క్రూల మీద ఎర్ర గోళ్లరంగు చుక్కలు పెట్టాను. నా తర్వాత ఎవరు విప్పినా, ఏది మార్చినా ఆ చుక్కలే చెబుతాయి.

షాపు నిండా జనం ఉన్నారు. కన్సోల్ చేతికిస్తూ "దుమ్ము పడనీయొద్దప్పా" అన్నాను. అంతే అన్నాను.

రెండు నెలల తర్వాత నేను టీ అంగట్లో ఉన్నప్పుడు తిప్పేస్వామి వచ్చాడు. చుట్టూ ఆరుగురు యూనిట్ యజమానులు కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా, మా కొత్త ఫ్యాన్ నువ్వు పెట్టుకోని పాతది యాడిదో తగిలించినావే! మళ్లీ ఆగిపోతాండాది. మేమేం ఎర్రోళ్ల మాదిరి కనపడతాండామా?"

"ఆపరేషన్ అని చెప్పి కిడ్నీ కొట్టేసే రకం" అన్నాడు వాళ్లలో ఒకడు. ఆరుగురూ నవ్వారు. వాళ్లలో ఎవరు ఏ బెంచీ మీద కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ వారమే ఇద్దరు తమ కన్సోళ్లు వెనక్కి తీసుకుని బళ్లారికి పోయారు. మిగిలినవాళ్లు "ఈడే కూర్చుంటాంలే అన్నా, నువ్వు విప్పు" అని నా చేతులవైపే చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్లుగా వస్తువు నా దగ్గర వదిలేసి పోయినవాళ్లు వాళ్లు. రిపేరువాడి చేతుల మీద నమ్మకం పోతే వాడికిక పని లేదు.

తిప్పేస్వామికి కబురు పంపాను. మీ ఇంట్లోనే విప్పుతాను, ఆ ఆరుగురినీ పిలుచుకో అని. ఒక్కడూ రాలేదు. నవ్వడానికి దొరికిన తీరిక చూడడానికి దొరకలేదు.

యూనిట్ మీది మేడలోనే వాళ్ల ఇల్లు. కన్సోల్ ఎక్కడుందో మొదట నాకు కనబడలేదు. టీవీ కింద అద్దాల అరలో, మందపాటి జీన్స్ కవరు తొడుక్కుని ఉంది. తిప్పేస్వామి ముందే విప్పాను. ఎర్ర చుక్కలన్నీ పెట్టినచోటే ఉన్నాయి. "ఇది నీ ఫ్యానేనా?" అని అడిగాను. ఫ్యాన్ మీది చుక్కను గోరుతో గీకి చూశాడు. హీట్ సింక్ పైకెత్తి రేకుల మధ్య నుంచి పట్టకారుతో లాగితే, నీలం నూగు రొట్టెలా ఒక్క ముక్కగా ఊడివచ్చింది.

తిప్పేస్వామి భార్య సుజాత వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఈ కవరు ఎవరు కుట్టినారమ్మా?"

"నేనే కుట్టినా. రెండు పొరలేసి కుట్టినా. దుమ్ము పడనీయొద్దని చెప్పినావంట కదన్నా."

"ఆడేటప్పుడు తీయరా?"

"బాగుందే! తీస్తే దుమ్ము పడదా?"

కవరు తిరగేసి చూశాను. కవరు వల్ల వేడి లోపలే ఉండిపోయింది. ఫ్యాన్ ఇంకా జోరుగా తిరిగి ఆ కవరు నూగునే లోపలికి లాగింది. ఆమె చేసింది నేను చెప్పిన మాటే.

"సరే పోనీలేప్పా, ఏదో నోరు జారినా. కాఫీ తాగు" అన్నాడు తిప్పేస్వామి.

"మాటన్నది టీ అంగట్లో. ఆడే వెనక్కి తీసుకో."

"నలుగురిలో నన్ను తల వంచుకోమంటావా?"

"నన్ను దొంగ అన్నది నలుగురిలో కాదా?"

కాఫీ ముట్టుకోకుండా వచ్చేశాను.

మరునాడు యజమానులంతా చేరే వేళకు టీ అంగటికి వచ్చింది సుజాత. తిప్పేస్వామి రాలేదు. ఆమె బెంచీల ముందు నిలబడి, "కవరు కుట్టింది నేను. కప్పి పెట్టింది నేను. ఈయప్ప మా మిషన్లోంచి తీసింది నూగు ఒక్కటే. ఇంగా ఎవురికైనా కిడ్నీలు పోయినాయా?" అంది. ఎవరూ నవ్వలేదు. నేను టీ గ్లాసు పట్టుకుని, నవ్వనివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నిలబడ్డాను. ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు కన్సోల్ ఇచ్చేటప్పుడు ఇంట్లో దుమ్ము తుడిచేవాళ్లు ఎవరని అడుగుతాను. వాళ్లతోనే మాట్లాడతాను, ఫోనులోనైనా సరే. కవరు తీశాకే ఆన్ చేయండి. ఆపి, చల్లారాకే కప్పండి. అద్దాల అరలో పెట్టొద్దు, చుట్టూ నాలుగు వేళ్ల సందు వదలండి. నేల మీద పెట్టొద్దు, నూగు దిగేది అక్కడికే. మెత్తటి బ్రష్‌తో గాలి రంధ్రాలు అప్పుడప్పుడూ తుడవండి. ఇంత చెప్పడానికి టీ తాగేంత సేపు కూడా పట్టదు. ఆ రోజు నేను చెప్పలేదు.

సుజాత వాళ్ల కన్సోల్ ఇప్పటికీ నడుస్తోంది. తిప్పేస్వామి తన మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు, నన్ను చూస్తే రోడ్డు దాటిపోతాడు. నేను మరచిపోలేదు, మరచిపోను. కానీ నలుగురిలోనే చెప్పాలని పట్టుబట్టినవాణ్ని నేను. అందుకే నలుగురూ చదివే ఈ చోట రాస్తున్నాను: అమ్మా సుజాతా, ఆ రోజు టీ అంగట్లో నీ పక్కన నిలబడి నేనూ ఒక మాట చెప్పాల్సింది. తప్పు నీ కవరుది కాదు, నేను చెప్పిన సగం మాటది.