బాలకృష్ణ గొంతు పోయిన వారం

పాల్వంచ ప్లాంటులో బాలకృష్ణ నీళ్లు పరీక్షించే కెమిస్టు. క్వార్టర్లలో ఆడవాళ్ల లెక్కలో మాత్రం తనలో తనే మాట్లాడుకునే మనిషి. పాపం, అతను తనతో మాట్లాడుకోడు. చంకలో కూతురు సిరి ఉంటుంది.

సిరికి పదిహేడో నెల. చెవులు బాగున్నాయని డాక్టరు చెప్పాడు. చెప్పింది అర్థమవుతుంది, కావలసింది వేలు పెట్టి చూపిస్తుంది. మాట మాత్రం ఒక్కటీ రాలేదు. వచ్చే శుక్రవారం అంగన్‌వాడీలో పిల్లల్ని చూసే రోజు. అక్కడి కార్డులో ‘ఎన్ని మాటలు వచ్చాయి’ అని ఒక గడి ఉంది. అందులో సున్నా పడుతుందన్న ఊహకే బాలకృష్ణకు అన్నం దిగడం లేదు.

భార్య భార్గవి తొమ్మిదింటికి బ్యాంకుకు వెళ్లిపోతుంది. అతనికి మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పాప పొద్దుటి స్నానం, తిండి అతని వంతు. రోజువారీ పనులు చేస్తూ, చేసేది చెబుతూ ఉంటే పిల్లలకు మాటలు వస్తాయని ఎక్కడో చదివాడు. చదివింది గోరంత, చేసింది కొండంత. “ఇది ఎడమ చెయ్యి, ఇది బకెట్టు, ఇందులో నీళ్లు ముప్పై ఏడు డిగ్రీలున్నాయి” అని మొదలుపెడితే, పప్పులో నెయ్యి ఎందుకు కరుగుతుందో చెప్పేదాకా ఆగేవాడు కాదు. రోజుకు ఎన్ని మాటలు పాప చెవిలో వేశాడో నోటుబుక్కులో గ్రాఫు గీసేవాడు. ఆ గీత చెట్టెక్కినట్టు పైకి పోయేది. పాప మాటల గీత చాప మీద పడుకున్నట్టు అడుగునే ఉండేది.

అలవాటు ముదిరి ఒకరోజు ప్లాంటు బస్సులో “ఇప్పుడు కూర్చుంటున్నాను” అనేశాడు. పక్క క్వార్టరు దస్తగిరి జరిగి చోటిచ్చాడు.

“కూసో బాలకృష్ణా, కూసో. దిగేటప్పుడు సుత చెప్పు, లేకుంటే మాకెట్ల తెలుస్తది?”

తల్లాడ దగ్గరి తండా నుంచి తల్లి లాలి ఫోన్‌లో ఇంకో మాట అంది. “నీకు రెండున్నరేండ్ల దాక మాట రాలే. వచ్చినంక ఇంతవరకు ఆగలే. నాకు దొరికిన సుఖం ఆ రెండున్నరేండ్లే.”

సోమవారం గొంతు బొంగురుపోయింది. మంగళవారానికి గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు టార్చి వేసి చూసి, శుక్రవారం దాకా నోరు విప్పొద్దన్నాడు, గుసగుస కూడా పనికిరాదన్నాడు. పరీక్షల ముందు పుస్తకాలు లాక్కున్నట్టయింది బాలకృష్ణకు. ‘మరి పాపతో ఎవరు మాట్లాడాలి?’ అని కాగితం మీద రాసి భార్గవికి చూపించాడు. ఆమె చదివి, పాప చెవులు కూడా నాలుగు రోజులు సెలవు తీసుకుంటాయని చెప్పి చెప్పులేసుకుంది.

బుధవారం పొద్దున సిరిని టబ్బులో కూర్చోబెట్టాడు. రోజూ మగ్గు ఎత్తి “ఒకటి, రెండు, మూడు” అని మూడుకు నీళ్లు గుమ్మరించడం అలవాటు. ఆ రోజు మగ్గు ఎత్తాడు, నోరు తెరిచాడు, డాక్టరు గుర్తొచ్చి మూశాడు. చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

సిరి మగ్గును చూసింది. నాన్న నోటిని చూసింది. మళ్లీ మగ్గును చూసింది. టబ్బు మీద చేత్తో కొట్టింది. ఎమ్మెస్సీలో నేర్చుకున్నదేదీ అక్కరకు రాక బాలకృష్ణ కొయ్యలా నిలబడ్డాడు. భుజం లాగేస్తోంది. అప్పుడు సిరి అచ్చం తల్లిలాగే కనుబొమలు ముడిచి, “మూదు” అంది.

అతను పోయడం మరిచిపోయాడు. “మూదు” అని రెండోసారి గట్టిగా చెప్పించుకున్నాక పోశాడు. బకెట్టు ఖాళీ అయ్యేదాకా అదే వరస. సబ్బు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

ఈ సంగతి చెప్పకుండా ఎట్లా ఉండగలడు? పాపను తువ్వాలులో చుట్టి భార్గవికి ఫోన్ చేశాడు. ఆమెకు ఆయాసం తప్ప ఏమీ వినపడలేదు. బెదిరిపోయి దస్తగిరి భార్య ఫజిలత్‌కు ఫోన్ చేసింది. ఫజిలత్ మెడలో కొలతల టేపుతోనే కుట్టుమిషను మీద నుంచి లేచి పరుగున వచ్చింది. ఎదురుగా తడిసిన తండ్రి, కళ్లలో నీళ్లు.

“పోరి పడ్డదా ఏంది తమ్ముడూ?”

బాలకృష్ణ మూడు వేళ్లు చూపించాడు.

“మూడుసార్లు పడ్డదా?”

ఇక లాభం లేదని పాపను మళ్లీ టబ్బులో దింపి, మగ్గు ఎత్తి, ఫజిలత్‌ను ఆగమన్నట్టు రెండో చెయ్యి చూపాడు. మాట ఆపుకోవడం ఆమెకూ కష్టమే, అయినా ఆపుకుంది. సిరి ఇద్దరినీ ఎగాదిగా చూసి, “మూదు” అంది.

ఫజిలత్ పాప తలంతా తడిమి, దెబ్బ లేదని తేల్చుకున్నాక అడిగింది. “మరి ఒకటి, రెండు ఏడ పోయినయ్?”

సాయంత్రం భార్గవికి సంతోషం ఒక పాలు, ‘అమ్మ’ అనలేదన్న ఉడుకుమోతుతనం మూడు పాళ్లు. అన్నం ముద్ద పాప నోటి దాకా తెచ్చి ఆగి చూసింది. సిరి వేలు కొరికింది.

శుక్రవారం అంగన్‌వాడీ టీచరు రాఘవమ్మ ఎన్ని మాటలని అడిగితే బాలకృష్ణ ఒక వేలు ఎత్తాడు. ఒక్కటి తక్కువేనని, వచ్చే నెల డాక్టరుకు మళ్లీ చూపించమని చెప్పి ఆమె గడిలో ‘1’ వేసింది. ఆ ఒకటిని అతను గుమ్మం దాటేలోపు నాలుగుసార్లు చూసుకున్నాడు.

శనివారం పొద్దున కొళాయి తిప్పి, ఆ చప్పుడులో గొంతు సవరించి చూసుకున్నాడు. ఖంగున పలికింది. కొళాయి కట్టేశాడు. పాపను కూర్చోబెట్టి మగ్గు ఎత్తి, పెదవులు బిగించి నిలబడ్డాడు.

గొంతు ఇంకా రాలేదా అని బయటి నుంచి భార్గవి అడిగింది. బాలకృష్ణ లేదన్నట్టు ఒక దగ్గు దగ్గాడు.