బొమ్మల సిపాయికి ఆదరణ కూడిక

జోయెల్, కెజియా, పోయిన నెల మన ఇంట్లో ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పొద్దని దొరవారిసత్రంలో ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది నేనే. మీ పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు నేనే చెబుతున్నాను. మన వాకిట్లో షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మైకు కూడా పెట్టారు. చనిపోయిన మనిషి మాత్రం ఎవరూ లేరు.

మొదలు నీ దగ్గరే ఉంది జోయెల్. విజయవాడ హాస్టల్లో ఫోన్ ఉండకూడదని నీది నా దగ్గర వదిలి వెళ్లావు. రాక్షసులూ మంత్రాల కత్తులూ ఉన్న ఆ జపాన్ బొమ్మల సీరియల్ నువ్వు చూస్తుంటే ఎంత గొడవ చేశానో నీకు గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్న చెడు ఏమిటో సరిగ్గా తెలుసుకుందామని ఒక మధ్యాహ్నం ఫోన్‌ని కుట్టుమిషన్ మీద దారపు డబ్బాకి ఆనించి మొదటి భాగం చూశాను. చెడు కనబడలేదు. రెండోదాంట్లో ఉంటుందేమోనని రెండోది చూశాను. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ రెండో సీజన్‌లోకి వచ్చేశాను.

గొప్ప కథ అని చెప్పను. ప్రతి ఎపిసోడూ ఒకటే. కోట మీదికి రాక్షసులు వస్తారు. కెప్టెన్ పళ్లు కొరుకుతాడు. ఇక అయిపోయింది అనుకునే సమయానికి ఎవరిదో ఒకరి కత్తి నీలంగా వెలుగుతుంది. అదేదో ముందే ఎందుకు వెలగదని ఒక్కరూ అడగరు. నేను ఒక జాకెట్టుకి చేతులు కుట్టేలోపు యుద్ధం ముగుస్తుంది. అయితే చివర్లో కెప్టెన్ గంజి కుండ దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. "ఉన్నాను" అని వాళ్లు పలుకుతారు. అందరూ పలికాకే గంజి పోస్తారు. నేను చూసేది ఆ కాస్త కోసమే. మీరిద్దరూ హాస్టళ్లకి వెళ్లిపోయారు, మీ నాన్నకి రొయ్యల హేచరీలోనే తిండీ నిద్రా. అన్నానికి రమ్మని పిలవడానికి నాకు ఇంట్లో ఒక్క పేరూ లేదు.

ఒక గురువారం ఆ గుంపులో అందరికన్నా చిన్నవాడు, హారూ అనే సిపాయి, పలకలేదు. కెప్టెన్ రెండోసారి పిలిచాడు. ఆ సమయంలో నేను ఎవరిదో జాకెట్టు చెయ్యి తీసుకెళ్లి మెడకి కుట్టేశాను.

ఆ సాయంత్రమే చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక. అందరూ వరుసగా ప్రార్థన మనవులు చెబుతున్నారు. ఒకామె భర్తకి ఆపరేషన్. ఇంకొకామె వలలు గాలివానకి కొట్టుకుపోయాయి. అలాంటి వాళ్ల మధ్య కూర్చుని, నా పిల్లలు గుర్తొస్తున్నారు అని ఎలా చెప్పను? అందుకే ఎప్పుడూ స్తోత్రం చెప్పి ఊరుకుంటాను. ఆ రోజు నోరు తెరిస్తే స్తోత్రానికి బదులు ఏడుపు వచ్చింది.

సంఘంలో ఆడవాళ్లందరికీ పెద్దయిన రాహేలమ్మక్క నా పక్కకి జరిగింది.

"ఏందమ్మే, ఏమైంది?"

"పోయినాడక్కా."

"ఎవురు?"

"చిన్న పిల్లోడక్కా. సిపాయి. కాపలా కాస్తా పోయినాడు."

"నీకేమవుతాడు?"

"మావోడే అనుకోక్కా."

"ఇంక ఆయమ్మను మాట్లాడించబాకండి" అని అక్క మోకాళ్ల మీదికి వంగింది. అందరూ వంగారు. నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజం చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. రాక్షసుల బొమ్మలు పిల్లల్ని పాడు చేస్తాయని అంతకుముందు ఆదివారమే సండే స్కూల్లో ఆ తల్లులందరికీ గంటసేపు చెప్పి ఉన్నాను.

ప్రార్థనతో సరిపోతుందనుకున్నాను. మన వాళ్ల సంగతి తెలిసి కూడా అలా అనుకోవడమే నా తెలివి. మన బంధువుల్లో సైన్యంలో ఉన్నది మీ చిన్నమామ ఒక్కడే. పోయింది వాడేనని ఊరే తేల్చుకుంది. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి ఆటోలో నుంచి కుర్చీలు దిగుతున్నాయి. చావు జరిగిన ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక అట. పాస్టరయ్యగారు వచ్చారు. ఎవరో పప్పూ అన్నం తెచ్చారు. నేను అయ్యగారిని పక్కకి పిలిచి చెబుదామనుకునే లోపల ఎవరో ఒకరు వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్లు ఏడిస్తే నాకూ వస్తోంది.

అప్పుడు రాహేలమ్మక్క గోడ మీద రాసి ఉన్న మీ హాస్టల్ నంబరు చూసి ఫోన్ కలుపుతూ కనిపించింది.

"పిల్లోళ్లకి చెప్పొద్దా? వార్డెన్‌కి చేస్తా ఉండా. మధ్యాహ్నం బండికి ఎక్కించమంటా."

మామ అంటే మీకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. నాలుగు రోజుల్లో మీకు పరీక్షలు. లేని చావుని మోసుకుంటూ మీరిద్దరూ రైల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నా కళ్ల ముందు కనబడింది. అవతల ఫోన్ మోగుతోంది. అక్క చేతిలోంచి లాక్కుని ఆపేశాను.

"అక్కా, మా తమ్ముడు బాగుండాడు. పోయింది బొమ్మ."

"బొమ్మేంది?" అన్నారు అయ్యగారు.

"మా జోయెల్ చూసే సీరియల్లో బొమ్మయ్యా. నేను చూడొద్దన్న సీరియల్."

మైకు పరీక్షించే మనిషి అప్పుడే దాన్ని ఆన్ చేసి నా పక్కన పెట్టి ఉన్నాడు. రైలు స్టేషన్ దాకా వినబడిందని తర్వాత చెప్పారు.

"నిన్న ఎంతసేపు మోకాళ్ల మీదుంటినే" అంది రాహేలమ్మక్క. "బొమ్మకా?"

"క్షమించక్కా."

తిడుతుందనుకున్నాను.

"ఆ పిల్లోడికి అమ్మ ఉండాదా?"

"ఉండాదక్కా. ఆమెకి ఇంకా తెలీదు."

అక్క కుర్చీ లాక్కుని కూలబడింది. "ఆ తల్లికి ఎవురు చెప్తారో ఏమో" అంది.

ఎవరో నవ్వారు. ఇంకొకరు ఆపుకోలేకపోయారు. అయ్యగారు నవ్వలేదు. "బొమ్మ సంగతి వదిలెయ్యమ్మా. ఏడుపు నిజమే గదా. ఎవరి కోసం?" అని అడిగారు.

మీ పేర్లు చెప్పాను. అంతకుమించి చెప్పలేకపోయాను. ఆ షామియానా కింద అందరూ మీ పేర్లు పలికి ప్రార్థన చేశారు. కెజియా, నీ తలనొప్పి కోసం కూడా చేశారు. ఆ తర్వాత టీలు తాగి, కుర్చీలు మడిచి అందరూ వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒకామె, జాకెట్టు మెడలో చెయ్యి ఎందుకుందని అడిగింది.

మీ మామ ఫోన్ చేసి, తన ఆదరణ కూడికలో టీ ఎలా ఉందని అడిగాడు. సండే స్కూల్లో రాక్షసుల పాఠం ఇప్పుడు ఇంకో టీచరు చెబుతోంది. నన్ను వెనక బెంచీలో కూర్చుని వినమన్నారు.

మీ గదుల్లో ఉండే పిల్లలకి ఇదంతా చెప్పండి, హాయిగా నవ్వుకోమనండి. నవ్వడం అయ్యాక, హాస్టల్ ఫోన్ నుంచి వాళ్ల అమ్మకి చేసినప్పుడు మార్కుల మాటలు ముగిశాక, మధ్యాహ్నాలు ఏం చూస్తున్నావమ్మా అని ఒక్కసారి అడగమనండి.