యాక్సెస్ లిస్టులో బావ లైను

మా బావకు మనుషుల మీద కంటే రూటర్ల మీద నమ్మకం ఎక్కువ. "మనిషికి ఒకటి చెప్తే ఇంకోటి చేస్తడు. రూటర్ గట్ల కాదురా బామ్మర్దీ, నువ్వు గడ్డి పెడితే గడ్డే తింటది" అనేవాడు. "గడ్డి తినే పెట్టెల్ని నమ్ముకున్నోడికి మా అక్కనెట్ల ఇచ్చిండ్రో" అని నేనంటే వంటింట్లోంచి అక్క నవ్వు వినిపించేది. డిప్లొమా చేసి ఖమ్మంలో ఖాళీగా తిరుగుతున్న నన్ను తన పనిలోకి లాక్కుపోయింది బావే. నాకు తెలిసిన విద్యంతా ఆయన నేర్పిందే.

రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో ఒక సేవాసంస్థ భద్రాచలం అవతల అడవి మండలాల్లో చిన్న చిన్న దవాఖానాలు నడిపేది. వాటన్నిటినీ టెలిఫోన్ లైన్ల మీద ఖమ్మం ఆఫీసుకు, భద్రాచలంలో కూర్చునే డాక్టరుకు కలిపారు. జ్వరంతో వచ్చినవాళ్ల రక్తపు చుక్క పరీక్ష చేసి ఆ వివరం పంపితే, డాక్టరు ఏ మందు ఎంత ఇవ్వాలో తిరిగి పంపేవాడు. ఈ రాకపోకలకు దారి చూపించే పెట్టె రూటర్. ప్రతి దవాఖానాలో ఒకటి ఉండేది. వాటిని చూసుకునేది మేమిద్దరమే, బావా నేనూ.

మొదట్లో ఆ పెట్టెలకు తలుపూ లేదు, గడియా లేదు. ఎవరైనా ఎక్కడినుంచైనా లోపలికి రావచ్చు. ఒక దవాఖానా కంప్యూటర్‌కు పట్టిన వైరస్ అన్నిటికీ పాకి, లైన్లన్నీ మూసుకుపోయాక పెద్దసార్లకు మెలకువ వచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయి. ప్రతి రూటర్‌కూ యాక్సెస్ లిస్టు రాయమని అప్పుడు బావకు చెప్పారు.

యాక్సెస్ లిస్టంటే ఏమిటో బావ నాకు అడవి చెక్‌పోస్టు దగ్గర జీపు ఆగినప్పుడు చెప్పాడు. "గార్డు చేతిల కాయితం ఉంటది. వెదురు లారీ వస్తే పంపు, టేకు లారీ వస్తే ఆపు. పైనుంచి కిందికి చదువుతడు. ఏ లైను కలిస్తే ఆడనే ఆగుతడు, కింద ఏం రాసున్నా చూడడు. ఏ లైనూ కలవకపోతే బండి వెనక్కే. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు పని." మేము రాసిన లిస్టుల్లో పెద్ద సంగతులేమీ ఉండేవి కావు. ఖమ్మం ఆఫీసును రానివ్వు, భద్రాచలం డాక్టరును రానివ్వు, నా కంప్యూటర్‌ను రానివ్వు, బావ కంప్యూటర్‌ను రానివ్వు, మిగతా అందరినీ ఆపు. బావ కంప్యూటర్ బూర్గంపాడులో వాళ్లింట్లోనే ఉండేది. అడవి దవాఖానాలకు దగ్గరగా ఉంటాడని ఆఫీసువాళ్లే లైను వేయించారు.

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. దూరం నుంచి లిస్టు రాసేటప్పుడు వరస తప్పితే రూటర్ మనల్నే బయటికి నెట్టి తలుపేసుకుంటుంది. ఇక జీపెక్కి అడవిలో పడి అక్కడికి పోవాల్సిందే. అందుకని బావ ఏ లిస్టు పెట్టే ముందైనా, కాసేపట్లో నీ అంతట నువ్వే ఆగి మళ్లీ లేవమని రూటర్‌కు చెప్పేవాడు. లిస్టు తప్పయితే రూటర్ లేచేసరికి పాత లిస్టే ఉంటుంది. సరిగ్గా ఉంటే ఆ మాట రద్దుచేసి, కొత్త లిస్టును భద్రం చేయాలి. ఇంకో అలవాటు కూడా ఉండేది. నేను రాసింది ఆయన, ఆయన రాసింది నేను చదివాకే పని అయిపోయినట్టు. నా తప్పు దొరికిన రోజు ఆయనకు పండగే. భోజనాల దగ్గర అక్కకు చెప్పి మరీ నవ్వేవాడు.

బావ జబ్బు ఈ అలవాట్లలోంచే బయటపడింది. దుమ్ముగూడెం దవాఖానాలో లిస్టు పెట్టాం. రూటర్‌కు ఆగి లేవమని ఆయనే చెప్పాడు, లిస్టు ఆయనే సరిచూశాడు, నర్సమ్మ ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాడు. పనిచేస్తున్న రూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఈ కరెంటోళ్లకు ఏం పుట్టింది, పట్టపగలు తీసేసిండ్రు!" అని బావ గయ్యిమన్నాడు. మా నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రద్దు చేయడం మర్చిపోయావు బావా అంటే, "నేనెప్పుడు పెట్టిన్రా?" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

తర్వాత భద్రాచలం వంతెన మీద బండి ఆపి, ఇల్లు ఏ ఒడ్డున ఉందని నన్ను అడిగాడు. ఆ వారమే అక్కను, బావను వెంటబెట్టుకుని హైదరాబాదు పోయాను. మతిమరుపు జబ్బన్నారు, ఈ వయసులో అరుదన్నారు, ముదరడమే కానీ తగ్గడం ఉండదన్నారు. బావకు ఇంకా యాభై నిండలేదు. "మమ్మల్ని గూడ మర్చిపోతడా సార్?" అని అక్క అడిగింది. డాక్టరు మందుల చీటీ రాస్తూ ఉండిపోయాడు. బావ మాత్రం గోడ మీది మెదడు బొమ్మ వైపు చూస్తూ, "ఏ లైను ముందు పోతదో చెప్పగలరా?" అన్నాడు. ఆ మాట విని నేను బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను.

బావ ఉద్యోగం మానేశాడు. ఆయన లైనును లిస్టుల్లోంచి తీసేయమని ఆఫీసు నాకు చెప్పింది. ఆ సంగతి అక్కతో అంటే నా చేతులు పట్టుకుంది. "ఆ కంప్యూటర్ ముందట కూసున్నంతసేపే మనిషి మనిషి లెక్క ఉంటున్నడు తమ్ముడూ. పొద్దున లేచి తానం చేసి, డ్యూటీకి పోతున్నట్టు అంగీ ఏస్కొని కూసుంటడు. అది గూడ లేకపోతే నాకీ మనిషి మిగలడు." ఆమె చెప్పింది అబద్ధం కాదు. పిల్లల పేర్లు తడబడుతున్న రోజుల్లో కూడా ఆయన ఒక్కో దవాఖానా రూటర్‌లోకి పోయి, అంతా బాగుందో లేదో చూసి బయటికి వచ్చేవాడు. ఏదీ ముట్టేవాడు కాదు. ఆఫీసును బతిమాలితే, ముట్టనంతకాలం చూద్దామన్నారు.

ఆ వానాకాలం చర్ల దవాఖానా కంప్యూటర్‌కు రాకపోకలు తెగిపోయాయి. అక్కడి నర్సమ్మ ఖమ్మానికి ఫోన్ చేసింది. "జ్వరాలు మస్తుగున్నయ్ సార్, డాక్టరు సార్ దగ్గరినుంచి ఏం వస్తలేదు. ఫోన్ల చెప్తే సగం వినపడ్తలేదు. జల్దీ రాండ్రి." నా కంప్యూటర్‌ను కూడా ఆ రూటర్ రానివ్వలేదు. ఏం జరిగిందో నాకు అప్పుడే అర్థమైంది. బస్సులో బూర్గంపాడు పోయి జీపు మాట్లాడుకున్నాను. నేను చెప్పకముందే బావ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. "నేను గూడ వస్త. ఆ రూటర్ నేను పెట్టిందే." అక్క నా వైపు చూసింది. ఆయన అద్దాల డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది.

చర్ల దారంతా బురద. మధ్యలో ఒక గూడెం దగ్గర జీపు దిగబడితే, నాట్లు వేస్తున్న ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకుని నవ్వుతూ వచ్చి తోశారు. మళ్లీ ఎక్కాక బావ కాళ్ల బురద దులుపుకున్నాడు. తర్వాత తేటగా, పాత బావలా మాట్లాడాడు.

"నిన్ననో మొన్ననో నేనే ఏదో ముట్టినరా. ఏం ముట్టిన్నో యాదికి లేదు."

"పోనీలే బావా, సరిచేద్దాం."

"పోనీయ్ అంటే ఎట్ల? జ్వరమొచ్చిన పిల్లలుంటరు ఆడ. కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎందుకు? నా లైను తీసెయ్. చర్లలనే కాదు, అన్నిట్ల తీసెయ్. మీ అక్కకు నేను చెప్త."

చూద్దాంలే బావా అన్నాను. ఆయనే మళ్లీ అన్నాడు. "ఒక్క లైనే తీస్తననుకునేవు. ఒక్కటి తియ్యమంటే ఆ రూటర్ లిస్టంతా తీసేస్తది. మొత్తం కాపీ చేసుకో, చెరిపెయ్, నేను లేకుండ మళ్ల మొదటినుంచి రాయి." చేతి గుడ్డతో ముఖం తుడుచుకుని కిటికీ వైపు తిరిగాడు. ఆయన భుజం మీద చెయ్యి వేస్తే తీయలేదు.

దవాఖానా వరండా నిండా జనం. ఒక తల్లి ఒళ్లో పిల్ల జ్వరంతో మూలుగుతోంది. నర్సమ్మ ఆ పిల్లకు తడిగుడ్డ వేస్తూ, లోపలికి పొమ్మని మాకు చెయ్యి ఊపింది. కేబుల్ నేరుగా రూటర్‌కే తగిలించి లిస్టు తెరిచాను. ఖమ్మం ఉంది, డాక్టరు ఉన్నాడు, నేనున్నాను, బావ ఉన్నాడు. కానీ అందరినీ ఆపమనే లైను అన్నిటికంటే పైన కూర్చుంది. రూటర్ దాన్ని చదివి అక్కడే ఆగిపోతోంది. వరస ముఖ్యమని నాకు నేర్పిన మనిషి రాసిన వరస అది. బావ ఆ వైపు చూడకుండా పక్క స్టూలు మీద కూర్చుని గోడకున్న టీకాల బొమ్మలు చూస్తున్నాడు.

కాపీ చేసుకున్నాను. చెరిపేశాను. ఖమ్మం రాశాను, డాక్టరును రాశాను, నన్ను రాసుకున్నాను. తర్వాతిది బావ లైను. అది వదిలేసి, మిగతా అందరినీ ఆపమనే లైను కొట్టాను. అవతలి గదిలో డాక్టరు జవాబులు ఒకటొకటిగా రావడం మొదలైంది. నర్సమ్మ ఆ తల్లిని పేరు పెట్టి పిలిచింది.

"అయిపోయిందా? జరుగు, చూస్త" అన్నాడు బావ.

జరిగాను. అద్దాలు పెట్టుకుని, తెర మీద వేలు ఆనించి, పైనుంచి కిందికి చదివాడు. చివరిదాకా వచ్చి మళ్లీ పైకి పోయాడు. ముఖంలో పాత నవ్వు వచ్చింది.

"దొరికినవ్ రా. నా లైను మర్చిపోయినవ్."

నేను ఆయన వంక చూశాను. దారిలో అన్న మాటల జాడ ఆ ముఖంలో ఎక్కడా లేదు. తప్పు పట్టుకున్న సంతోషం ఒక్కటే ఉంది.

"ఏందట్ల చూస్తున్నవ్? నేను లేకుండ ఎట్లరా? రేపు నీకు జ్వరమొస్తే ఈ దవాఖానాలెవరు చూస్తరు?"

"అవ్ బావా. మర్చిపోయిన" అన్నాను.

మళ్లీ చెరిపి, ఆయన చూస్తుండగా ఆయన లైను పెట్టి రాశాను. ఆయన చదివి, బాగుందని నా వీపు తట్టాడు. ఇంటికి పోయాక బామ్మర్ది తప్పు దొరికిందని అక్కకు చెప్పి తెగ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నేను చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి పోయాను.

మర్నాడు ఖమ్మం ఆఫీసులో కూర్చుని, చర్లతో మొదలుపెట్టి ఒక్కో రూటర్ తెరిచి, లిస్టు కాపీ చేసుకుని, చెరిపి, బావ లేకుండా రాశాను. ఆయనే చెప్పిన పని అది. అయినా ఒక్కోటి పూర్తయినప్పుడల్లా బావను చెయ్యి పట్టుకుని బయటికి పంపి తలుపేసినట్టే అనిపించింది. రాసింది సరిచూడటానికి పక్కన ఎవరూ లేరు. నేనే రెండోసారి చదువుకున్నాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"తీసేసినవా తమ్ముడూ?"

"తీసేసిన అక్కా."

తలుపు దగ్గరికేసిన చప్పుడైంది. తర్వాత చెప్పింది. "పొద్దటిసంది కంప్యూటర్ల కొడుతున్నడు. ఏదీ రానిస్తలేదు. కోపమొస్తదేమో అని భయపడ్డ. ఏం లేదు. అంగీ ఇడవకుండ ఆడనే కూసున్నడు. అన్నానికి రమ్మంటే, ఫికరు లేదు, మా బామ్మర్దికి తెలిసే ఉంటది, వాడే వచ్చి తెరుస్తడు అంటున్నడు."