టాక్సీ మూలుగు

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన నాకు షెడ్డు ఉన్న రోజులవి. కాజీపల్లి ఫ్యాక్టరీలకు మనుషులను తిప్పే ఒక డ్రైవర్ తన పాత టాక్సీ తెచ్చాడు.

"వెనక చక్రాల బేరింగులు రెండుసార్లు మార్పిచ్చినన్నా. మూలుగుడు మాత్రం పోతలేదు" అన్నాడు.

చెవి పెట్టకుండా స్పానర్ పట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వెనక సీటు పీకించి, నేను ఆ ఖాళీలోనే కూర్చుని, అతన్ని బండి నడపమన్నాను. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించాను. చక్రం బేరింగ్ పోయి ఉంటే బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా మోత మారాలి. మారలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీయమన్నాను. మూలుగు ఠక్కున తగ్గి, మళ్లీ తొక్కగానే లేచింది. ఇంక నాకు అనుమానం లేదు.

"చక్రాలు కావు. వాటి నడుమ డిఫరెన్షియల్ అని గేర్ల డబ్బా ఉంటది సూడు, దాంట్ల బేరింగులు అరిగినయ్."

"గట్లెట్లన్నా? మొన్న ఎండకాలం కొన్నప్పుడు జెరంత సప్పుడు గూడ లేకుండె!"

అతను నమ్మలేదు. షెడ్డుకు రాగానే డిఫరెన్షియల్ ఆయిల్ దించే బోల్టు విప్పాను. అంతకుముందు చూసిన మెకానిక్‌లు ఆ బోల్టు జోలికే పోలేదు. నల్లటి ఆయిల్‌తో పాటు ముద్దలుగా రంపపు పొట్టు జారి పడింది. లోపలి మోత కొన్నాళ్లు బయటికి వినపడకుండా కూరిన పొట్టు అది.

డ్రైవర్ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇదేందన్నా, కట్టె పొట్టు?"

"నీ బండి రోగం నాకన్నా ముందే ఒకడు పట్టిండు తమ్మీ" అన్నాను. "నీకు అమ్మినోడు."